యుద్ధానికి పోయిన పడవల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్మీ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. యుద్ధం అనగానే అందరూ విమానాలు, ట్యాంకుల వెంట పడతారు, నువ్వు నదుల మీది సరుకు పడవలను పట్టుకున్నావు, అందుకే నాకు చాలా సంతోషమైంది. కానీ అన్ని పేజీల్లో హిట్లర్ పేరు మాటిమాటికీ వచ్చింది, ఆ పడవల్లో అంతకుముందు ఏ సరుకు పోయేదో ఒక్కసారీ రాలేదు. నాకు వెలితి అక్కడే అనిపించింది.

వంతెన రాకముందు కాళేశ్వరం నుంచి సిరోంచకు గోదావరి దాటాలంటే పడవే దిక్కు. ఒకసారి నేను ఎక్కినప్పుడు బియ్యం బస్తాలు, ఒక సైకిల్, రెండు మేకలు, పదిమంది దాకా జనం ఉన్నారు. పడవ నడిపే పెద్దాయన గడ అందుకునే ముందు వంగి, పడవ అంచుకూ నీళ్లకూ మధ్య చెయ్యి ఆనించి చూశాడు. జానెడు కూడా లేదు. ఏమీ మాట్లాడకుండా రెండు బస్తాలు దింపించి, మళ్లీ చెయ్యి పెట్టి చూసి, అప్పుడు గడ వేశాడు.

ఆ జానెడు లెక్క తెలిస్తే 1940 సంగతి సులువుగా అర్థమవుతుంది. ఇంగ్లండ్ మీద దాడి చెయ్యాలని జర్మనీ ఆ ఏడాది రైన్ నదిలో, హాలండ్, బెల్జియం, ఫ్రాన్స్ కాలువల్లో తిరిగే పడవలను సుమారు 2,400 పోగేసింది. బొగ్గు, ఖనిజం, ధాన్యం మోసేవి అవి. ముందు భాగం కోసి సైన్యం దిగడానికి తలుపులు పెట్టారు, ట్యాంకుల బరువు ఆగాలని అడుగున కాంక్రీటు పోశారు. చాలావాటికి సొంత ఇంజనే లేదు, ఇంకో పడవ లాక్కుపోవాలి. అడుగు చదునుగా ఉండి, నిదానమైన నీళ్లకు అలవాటైన పడవ సముద్రపు అలల్లో ఎంతసేపు నిలుస్తుంది? బ్రిటిష్ విమానాలు రేవుల్లోనే వాటి మీద బాంబులు వేశాయి, సెప్టెంబర్ 17న హిట్లర్ దాడిని వాయిదా వేశాడు. నువ్వు అక్కడితో ఆపేశావు. అన్ని పడవలు నెలల తరబడి రేవుల్లో కట్టేసి ఉంటే లోపల నదుల మీద సరుకు రవాణా దెబ్బతింది కదా, అది కూడా రాయి.

బెంగాల్ సంగతి నీ వ్యాసంలో అసలే లేదు, నాకు బాధనిపించింది. 1942లో బర్మా జపాన్ చేతిలోకి పోయాక, శత్రువుకు పడవలు దొరకకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తీర జిల్లాల్లో పదిమందికి మించి పట్టే పడవలన్నీ లాక్కుంది. నలభై వేలకు పైగా! అక్కడ రోడ్డంటే నదే. వడ్లు సంతకు పోవాలన్నా, చేపలు పట్టాలన్నా, నది అవతలి పొలం దున్నాలన్నా, కుమ్మరి ఇంటికి మట్టి రావాలన్నా పడవే కావాలి. మరుసటి ఏడాది కరువులో లక్షల మంది చనిపోయారు. తుఫాను, పెరిగిన ధరలు, బర్మా బియ్యం ఆగిపోవడం, ఇవన్నీ కారణాలే, నేరమంతా పడవల మీదే వేసి రాయకు. కానీ పడవ పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలిగిందా అని నీ వ్యాసం ఒక్కసారైనా అడగాలి.

మన గోదావరికీ యుద్ధంతో ఒక లింకు ఉంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులకు వచ్చే పత్తి ఆగిపోయింది. వార్ధా, నాగపూర్ వైపు పత్తిని ప్రాణహిత, గోదావరి మీదుగా పడవల్లో సముద్రానికి దించాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచనకు దాంతో ఊపొచ్చింది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పనిలో భాగమే. తర్వాత అక్కడ యుద్ధం ముగిసింది, ఇక్కడ నాగపూర్‌కు రైలొచ్చింది, 1871లో పనులు ఆపేశారు.

ఇంకొక్క మాట. ‘నౌకా వాహక సామర్థ్యం’ అని రాశావు చూడు, అది కొట్టెయ్యి. ఎన్ని బస్తాలు పడతాయో రాస్తే చాలు. గంగపుత్రుల ఇళ్లకు పోయి కూర్చుని, వాళ్లు పడవ భాగాలను ఏమంటారో విని రాసుకో, ఒక్క రోజులో అయ్యే పని కాదు, టెన్షన్ పడకు. కాళేశ్వరం పోయేట్టయితే ముందు రోజు ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ అన్న,
హనుమకొండ