సందేహాలు – సమాధానాలు: ‘నయం చేసే పరిశోధన’ అనవచ్చా?

సందేహం: హెచ్‌ఐవిని పూర్తిగా వదిలించే దారి కోసం అమెరికాలో జరుగుతున్న ఒక అధ్యయనం గురించి మా స్వచ్ఛంద సంస్థ కరపత్రానికి వ్యాసం రాశాను. మొదటి వాక్యం ఇది: “హెచ్‌ఐవితో మరణానికి చేరువైన రోగులపై హెచ్‌ఐవిని నయం చేసే పరిశోధన జరుగుతోంది.” ఒంగోలులో నర్సుగా పనిచేసే మా వదిన అది చదివి, “ఇది మా పేషెంట్లకు చూపిస్తే అందులో మమ్మల్ని ఎప్పుడు చేర్చుకుంటారని అడుగుతారు, మార్చు” అంది. వ్యాకరణంలో నాకు తప్పేమీ కనబడలేదు. ఆ అధ్యయనం పేరు ‘లాస్ట్ గిఫ్ట్’. దాన్ని ‘ఆఖరి బహుమతి’ అనవచ్చా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మీ వదినగారు చెప్పిందే సరి. వాక్యంలో వ్యాకరణ దోషం లేదన్న మీ మాట కూడా నిజమే, అసలు చిక్కు అక్కడే ఉంది. దోషం ఉంటే చదివేవాడు ఒక క్షణం ఆగి చూసేవాడు. మీ వాక్యం సాఫీగా సాగిపోతూ, ఆ పరిశోధకులు ఎవరికీ ఇవ్వని మాటను వాళ్ల తరఫున ఇచ్చేస్తోంది.

‘చేసే’ దగ్గర మొదలుపెడదాం. బడిలో తద్ధర్మం అని చదువుకున్నాం కదా, పక్షులు ఎగురుతాయి, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, అట్లాంటివి. క్రియ ఫలానా కాలానికని కాకుండా ఆ వస్తువు స్వభావాన్ని చెబుతుంది. ‘చేసే’, ‘ఇచ్చే’, ‘తగ్గించే’ అన్న విశేషణాలు కూడా ఆ కోవలోవే. పాలిచ్చే గేదె, కుట్టే తేలు, జ్వరం తగ్గించే మాత్ర. జ్వరం తగ్గించే మాత్ర అంటే వేసుకుంటే జ్వరం తగ్గుతుందనే అర్థం, తగ్గించడానికి ప్రయత్నిస్తున్న మాత్ర అని ఎవరూ అనుకోరు. మరి ‘హెచ్‌ఐవిని నయం చేసే పరిశోధన’ అంటే? అందులో చేరితే నయమవుతుందని. తెలుగు వచ్చినవాడికి వేరే అర్థం తోచదు. ఇంగ్లీషువాళ్లు ‘క్యూర్’, ‘రీసెర్చ్’ అని రెండు నామవాచకాలు పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు, వాటి మధ్య సంబంధం ఏమిటో చెప్పనక్కర్లేదు. మనం దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మధ్యలో ఒక క్రియ పెట్టక తప్పదు, పెట్టగానే అది వాగ్దానం అయిపోతుంది. ‘హెచ్‌ఐవిని నయం చేయడం ఎలాగో వెతికే పరిశోధన’ అనండి. ఇంకో రెండు మాటలు పడతాయి, పడనివ్వండి.

ఇది పండితుల పట్టింపు కాదు. పరిశోధనలో చేరినవాళ్లు దాన్ని తమ చికిత్సే అనుకోవడం గురించి పాల్ ఆపెల్‌బామ్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు 1982లోనే రాశారు. దానికి వాళ్లు పెట్టిన పేరును ‘చికిత్స అన్న భ్రమ’ అని తెలుగు చేసుకోవచ్చు. అంతా విడమరిచి చెప్పాక కూడా ఆ భ్రమ వదలదు. బతికే ఆశ సన్నగిల్లిన మనిషికి మరీ వదలదు. ఇక మన విశేషణమే దానికి సాయం పడితే ఏమనాలి!

లాస్ట్ గిఫ్ట్ సంగతి చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో మొదలుపెట్టారు. హెచ్‌ఐవి ఉండి, క్యాన్సర్ లాంటి మరో జబ్బు ముదిరి, ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు చెప్పినవాళ్లు తమంతట తాము ముందుకొచ్చి చేరతారు. బతికి ఉండగా రక్తం ఇస్తారు. పోయిన కొన్ని గంటల్లోపే వాళ్ల శరీరంలో మెదడు, పేగులు, లింఫ్ గ్రంథులు ఇలా చాలాచోట్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి, వైరస్ ఎక్కడెక్కడ దాక్కుని ఉందో చూస్తారు. హెచ్‌ఐవికి రోజూ వాడే మందుల్ని ఏఆర్‌టీ అంటారు. అవి వైరస్‌ను పెరగనివ్వవు గానీ, కణాల జన్యుపదార్థంలో కలిసిపోయి నిద్రపోతున్న వైరస్‌ను ఏమీ చేయలేవు. మందులు ఆపితే కొన్ని వారాల్లోనే అది మళ్లీ లేస్తుంది. బతికున్నవాళ్ల మెదడు ముక్క కోసి చూడలేరు కదా, అందుకని ఈ ఏర్పాటు. చేరినవాళ్లకు దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు, ఆ సంగతి వాళ్లకు ముందే చెబుతారు. మీ వ్యాసంలో ఈ ముక్క ఆరో పేరాలో ఉంది. దాన్ని మొదటి పేరాలోకి తీసుకురండి.

‘నయం’ అన్న మాట కూడా ఇక్కడ నిలకడగా నిలవదు. మన జిల్లాలో పెద్దవాళ్లను ఎట్టా ఉండారని అడిగితే “ఈపొద్దు కాస్త నయంగా ఉండాది” అంటారు. నిన్నటికంటే మేలని అర్థం, జబ్బు పోయిందని కాదు. ‘తగ్గడం’ ఇంకా గడుసుది. జ్వరం తగ్గిందంటే పోయింది, షుగరు తగ్గిందంటే అంకె దిగింది, జబ్బు మాత్రం అలాగే ఉంది. మరి ఏఆర్‌టీ సెంటర్లో “వైరల్ లోడు (రక్తంలో వైరస్ లెక్క) బాగా తగ్గింది” అంటే దేన్నిబట్టి అర్థం చేసుకోవాలి? జ్వరాన్నిబట్టి అర్థం చేసుకుని మందులు మానేసేవాళ్లు ఉంటారు. పరిశోధకులకైతే ‘క్యూర్’ రెండు రకాలు. వైరస్ ఒంట్లో ఎక్కడా మిగలకుండా పోవడం ఒకటి, మిగిలి ఉన్నా మందులు లేకుండానే అణగి ఉండడం రెండోది. మీ వ్యాసంలో ఈ రెంటినీ ‘నయం’ అనే రాశారు. మొదటిదానికి ‘పూర్తిగా వదిలిపోవడం’, రెండోదానికి ‘మందులు ఆపినా తలెత్తకపోవడం’ అని విడివిడిగా రాయండి. మొదటిది జరగకపోలేదు. బెర్లిన్ పేషెంట్‌గా పేరుపడ్డ తిమోతీ రే బ్రౌన్‌కు ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చి 2007లో మూలకణాల మార్పిడి చేశారు, దాతకు హెచ్‌ఐవిని కణాల్లోకి రానివ్వని అరుదైన జన్యులక్షణం ఉండడంతో ఈయనకు వైరస్ వదిలిపోయింది. 2020లో ఆయన పోయింది ల్యుకేమియా తిరగబెట్టి, హెచ్‌ఐవి వల్ల కాదు. అంత ప్రమాదమైన మార్పిడి అందరికీ చేయలేరు, అందుకే వేరే దారుల కోసం ఇంత వెతుకులాట.

ఇప్పుడు ‘తో’. మీ వాక్యంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది కంటికి ఆనదు. తృతీయా విభక్తిలో ‘తో’ తోడును చెబుతుంది, సాధనాన్ని చెబుతుంది, కారణాన్ని కూడా చెబుతుంది. అన్నతో వెళ్లాడు, కత్తితో కోశాడు, గుండెపోటుతో పోయాడు. జబ్బు పేరు, ‘తో’, చావు ఈ మూడూ ఒక వాక్యంలో పడితే కారణార్థం తప్ప ఇంకోటి వినబడదు. ‘హెచ్‌ఐవితో మరణానికి చేరువైన’ అంటే హెచ్‌ఐవి వాళ్లను చంపుతోందని. అది అబద్ధం. లాస్ట్ గిఫ్ట్‌లో చేరేవాళ్లకు హెచ్‌ఐవి ఉంది, ప్రాణం తీస్తున్న జబ్బు వేరు. క్రమం తప్పకుండా మందులు వాడేవాళ్లు ఇప్పుడు మామూలుగా ముసలితనం దాకా బతుకుతున్నారు. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది, అప్పటి నుంచి మాత్రలు వేసుకుంటూ మనవళ్లను ఎత్తుకున్నవాళ్లు మీ కావలిలోనూ ఉండే ఉంటారు. వాళ్ల చేతికి మీ కరపత్రం వెళ్తే? ‘హెచ్‌ఐవి ఉండి, మరో జబ్బు వల్ల ఎక్కువకాలం బతకరని తేలినవాళ్లు’ అని రాయండి. పొడుగైంది, అయినా నిజం. ‘హెచ్‌ఐవితో జీవిస్తున్న వ్యక్తులు’ అన్నది కూడా నాకు రుచించదు, అది ఇంగ్లీషు పలుకుబడికి తెలుగు లిపి. షుగరు ఉన్నవాళ్లు అంటాం, హెచ్‌ఐవి ఉన్నవాళ్లు అంటే చాలు, అందులో చిన్నచూపు ఏమీ లేదు.

‘రోగులపై’ అన్నది తీసేయండి, ఎలుకలపై ప్రయోగంలా ఉంది. అట్లాగని ‘రోగులతో పరిశోధన’ అంటే బాగుపడదు, ఇప్పుడే చెప్పిన సాధనార్థం వచ్చి మనుషులు పనిముట్లయిపోతారు. ‘పాలుపంచుకుంటున్న’ వాడుకోండి.

రెండో పేరాలో “వీరు ఎలాగూ ఎక్కువకాలం బతకరు కాబట్టి ప్రమాదం లేదు” అన్నారు. ఇది భాషకు మించిన సంగతే గానీ వదిలిపెట్టలేను. ‘ఎలాగూ’ అన్నాక ఇక వాదించడానికి ఏమీ ఉండదు, ఆ మాట పని అదే. పదేళ్ల తర్వాత వచ్చే దుష్ఫలితం గురించి ఈ మనిషి బెంగపడనక్కర్లేదన్నంత వరకూ నిజం, పరిశోధకులూ అదే అంటారు. కానీ మిగిలిన ఆ కొద్దినెలలే అతనికి ఉన్న బతుకంతా. కొందరు ఏఆర్‌టీ మందులు ఆపడానికి తామే సిద్ధపడ్డారు, అది చేరడానికి షరతేమీ కాదు. ఆపితే వైరస్ లేచి జ్వరం, నీరసం రావచ్చు, భార్యకో భర్తకో సోకవచ్చు. ఇది ప్రమాదం కాదా? భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు కోలుకోలేని జబ్బుతో చివరి దశకు చేరినవాళ్లను ప్రత్యేకంగా కాపాడవలసినవాళ్లలో లెక్కవేసింది. అట్లాగని పాపం చనిపోయేవాళ్లు, వాళ్లను అసలు కదిలించొద్దని తలుపు మూసేయడం కూడా నాకు సబబుగా తోచదు. తెలివితో ఉన్న మనిషి నా శరీరం పదిమందికి పనికిరావాలి అంటే, నీకు తెలియదులే అనడానికి మనమెవరం? ‘ఎలాగూ... కాబట్టి’ కొట్టేసి, ఏ ప్రమాదం ఉంది, ఏది లేదు అన్నది విడిగా చెప్పండి.

ఆ వెంటనే “రోగుల నుంచి అంగీకారం తీసుకున్నారు” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మన ఫారాల్లో ‘స్వచ్ఛందంగా అంగీకరిస్తున్నాను’ అని ఉంటుంది. ఆ మనిషే ఇంటికొచ్చి చెప్పేటప్పుడు “ఏందో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు” అంటాడు. ఆ ప్రేరణార్థక ప్రత్యయం, ఆ ‘ఇంచు’, జరిగింది జరిగినట్టు చెబుతుంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో బడిపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది, 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. అక్కడ కాగితాలకు లోటు లేదు. మన 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, ఆ మనిషి తెలిసి ఒప్పుకోకుండా అతన్ని పరిశోధనకు గురిచేయకూడదంటుంది. ‘సమాచారపూర్వక సమ్మతి’ అని పెద్దమాట ఎందుకు, ‘తెలిసి ఒప్పుకోవడం’ చాలు. దానికి ‘ఎప్పుడైనా వద్దనవచ్చు’ అని కలపండి. డాక్టరు ముందు “తమరు ఎట్టా చెబితే అట్టా సార్” అనే అలవాటున్న చోట ఆ ముక్క రాయకపోతే ఎవరికీ తట్టదు. ఇంట్లోవాళ్ల మాట కూడా రాయండి. పోయిన కొన్ని గంటల్లోపే శరీరం అప్పగించాలంటే వాళ్లకు ముందే తెలిసి ఉండాలి, అంటే హెచ్‌ఐవి సంగతీ తెలియాలి. మనవైపు దాన్ని పెళ్లాం బిడ్డల దగ్గర కూడా దాచుకునేవాళ్లు ఉన్నారు.

‘పోస్టుమార్టం’ వాడకండి, పోలీసు కేసు గుర్తొస్తుంది. ‘శవపరీక్ష’ మంచి తెలుగే, పత్రికలో చెల్లుతుంది, కానీ బతికున్న మనిషి చేతికిచ్చే కాగితంలో కటువుగా ఉంటుంది. ఏం చేస్తారో పైన నేను రాసినట్టు విడమరిచి రాస్తే పేరుతో పనిలేదు.

ఇక ‘బహుమతి’. అది గెలిచినవాడికి ఇచ్చేది, లేదా పెద్దవాళ్లు మెచ్చి చిన్నవాళ్లకు ఇచ్చేది. ‘ఆఖరి బహుమతి’ అంటే పరిశోధకులు రోగికి ఏదో ఇస్తున్నట్టుంది, ఇచ్చేవాడెవడో పుచ్చుకునేవాడెవడో తారుమారైంది. ‘దానం’ తప్పు కాదు, నేత్రదానం, రక్తదానం ఉన్నాయిగా, కాకపోతే దానంలో ఇచ్చేవాడి చేయి పైన ఉంటుంది, పుణ్యం లెక్క కూడా వెంట వస్తుంది. ‘కానుక’లో ఆ రెండూ లేవు, ఇష్టంగా ఇచ్చుకోవడమే ఉంది, గుళ్లోనూ చర్చిలోనూ ఒకే మాట చెల్లుతుంది. ‘ఆఖరి కానుక’ అని పెట్టండి. ‘లాస్ట్ గిఫ్ట్’ అన్న అసలు పేరు ఒక్కసారైనా కరపత్రంలో ఉండనివ్వండి, వివరాలు కావలసినవాళ్లు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది.