సముద్రంలో చేపలు, రొయ్యలు కాకుండా ప్రాణం లేని సంపద ఏం దొరుకుతుంది?

అందరూ చమురు, గ్యాస్ అని రాసేశారు. కాదనను. కానీ మా గంజాం వాళ్ళని అడిగితే ముందు ఉప్పు అంటారు. (ఒడిశాలో తెలుగువాళ్ళా అని మళ్ళీ మొదలెట్టకండి. బరంపురం వచ్చి బజార్లో తెలుగులో బేరమాడి చూడండి.)

మా మావయ్య ఋషికుల్య నది దగ్గర ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. నా వేసవి సెలవులన్నీ అక్కడే. ఉప్పునీళ్ళని మడి నుంచి మడికి మారుస్తూ ఎండబెడతారు. ముందు అడుగున జిప్సం పేరుకుంటుంది. నీళ్ళు ఇంకా చిక్కబడి, ఆ చిక్కదనం కొలిచే బామే మీటరు 25 డిగ్రీలు చూపిస్తే ఉప్పు గింజ కడుతుంది. 30 దాకా రానిచ్చారో ఉప్పు చేదెక్కి, చెమ్మ పట్టేస్తుంది. అందుకే ఆలోపే మిగిలిన నీళ్ళు వదిలెయ్యాలి. ఇంతా చేస్తే మడి దగ్గర ఇచ్చే ధరకి, మనం కొనే ప్యాకెట్ ధరకి పొంతనే ఉండదు, అది వేరే ఏడుపు.

ఆ మిగిలిన నీళ్ళు వేలితో ముట్టుకుంటే నూనెలా జారతాయి. "ఇవి తాగితే ఏటవుద్ది మావయ్యా?" అన్నాను. "తాగి సూడరా గుంటడా" అని నవ్వి గట్టు మీదకి వెళ్ళిపోయాడు. నేను నిజంగానే గుక్కెడు తాగేశాను. ఉప్పగా కాదు, నాలుక మెలితిరిగేంత చేదు. ఆ రాత్రి చెంబు పట్టుకుని ఎన్నిసార్లు పరుగెత్తానో లెక్కలేదు. అత్త నన్ను వదిలేసి మావయ్యని తిట్టింది.

అందులో ఉన్నది మెగ్నీషియం అని పదో తరగతిలో తెలిసింది. విరేచనానికి వాడే ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటే. బ్రోమిన్ కూడా అలాంటి నీళ్ళలోంచే తీస్తారు. మావాళ్ళు మాత్రం కాలువలోకి వదిలేసేవారు!

టీవీలో చూస్తే హిందూ మహాసముద్రం అడుగున, అయిదారు కిలోమీటర్ల లోతున ఉన్న మాంగనీసు, నికెల్, కోబాల్ట్ ముద్దల గురించే. వాటిని వెతుక్కోడానికి మన దేశానికి అక్కడ 75,000 చదరపు కిలోమీటర్లు కేటాయించారు. అవి పైకొచ్చేసరికి మా మనవలు ముసలాళ్ళవుతారని నా నమ్మకం. మా గంజాంలోనే ఛత్రపురం ఒడ్డున కాళ్ళకింద ఇసుకలోనే ఇల్మనైట్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలు ఉన్నాయి. గోడలకేసే పెయింట్లో తెలుపు ఆ ఇల్మనైట్ లాంటి ఖనిజంలోంచి వచ్చేదే. పారబోసేది ముందు పట్టుకుని, లోతుకి తర్వాత దిగొచ్చు కదా.

మావయ్య ఇప్పటికీ నేను కనిపిస్తే, "దాహమేస్తందేటిరా?" అనే పలకరిస్తాడు.