కాలేజీ లెక్చరర్లకు టెక్నాలజీ ట్రైనింగ్ ఇస్తున్నాం, తర్వాత క్లాసులో ఎవరూ వాడటం లేదు. ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

మీ ప్రశ్న చదవగానే నా పాత పాపాలన్నీ గుర్తొచ్చాయి. ఏటా రెండు రోజుల ట్రైనింగ్ పెడుతున్నారు, అందరూ వస్తున్నారు, సర్టిఫికెట్లు తీసుకుంటున్నారు, నెల తిరిగేసరికి మళ్లీ మామూలే. ఈసారి ఆ బాధ్యత మీ నెత్తిన పడింది, వచ్చే నెలలోనే కార్యక్రమం. ఇదే కదా మీరు అడిగింది?

నేను పద్దెనిమిదేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఏడేళ్లుగా తోటి లెక్చరర్లకు ట్రైనింగ్ ఇచ్చే పని కూడా చూస్తున్నాను. నా మొదటి ట్రైనింగ్ రెండు రోజులు, పదకొండు టూల్స్. క్విజ్‌లకు ఒకటి, ఓటింగ్‌కు ఒకటి, వీడియో ఎడిటింగ్‌కు ఒకటి... ఒక్కో దానికి గంట చొప్పున దంచేశాను. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో దాదాపు అందరూ 'ఎక్సలెంట్' దగ్గర టిక్కు పెట్టారు. నేనూ పొంగిపోయాను. నెల తర్వాత మూడుల్‌లోకి (కోర్సు పేజీలు, క్విజ్‌లు పెట్టుకునే ఆన్‌లైన్ వేదిక) వెళ్లి చూస్తే, ట్రైనింగ్ రోజున తెరిచిన కోర్సు పేజీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చాలావాటిలో 'టెస్ట్ టెస్ట్' అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు.

ఆ వారమే కెమిస్ట్రీ సీనియర్ ఒకాయన వరండాలో ఆపి అడిగారు. "అన్నీ బాగానే చూపించావమ్మా. ఇంతకీ సోమవారం మొదటి పీరియడ్‌లో నేను ఇందులో ఏది చేయాలి?" నా దగ్గర జవాబు లేదు. ఆయన సిలబస్ నేను కనీసం తిరగేసి కూడా చూడలేదు.

అప్పుడు మొదట మార్చింది రిజిస్ట్రేషన్ ఫారం. అంతకుముందు 'మీ కంప్యూటర్ పరిజ్ఞానం ఏ స్థాయి' అని అడిగేదాన్ని. అందరూ 'మధ్యస్థం' అనే రాస్తారు. తక్కువ అని రాస్తే పరువు, ఎక్కువ అని రాస్తే ప్రిన్సిపాల్ ఏదో పని అంటగడతారని భయం. ఇప్పుడు రెండే ప్రశ్నలు అడుగుతున్నాను. వచ్చే రెండు వారాల్లో ఏ పాఠం చెప్పబోతున్నారు? మీ టైమంతా తినేస్తున్న పని ఏది? రెండో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో బోధన కనిపించేది తక్కువ. పేపర్లు దిద్దడం, మార్కులు ఎక్కించడం, ఒకే డౌటుకు యాభై మందికి విడివిడిగా జవాబు చెప్పడం, ఇవే ఉంటాయి.

కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. మా దగ్గర అన్నింటికంటే ఎక్కువ మందిని లోపలికి లాగింది చాలా చిన్న విషయం. మూడుల్‌లో ఎయికెన్ ఫార్మాట్ అని ఒకటుంది. మామూలు టెక్స్ట్ ఫైలులో ప్రశ్న ఒక లైను, కింద ఎ, బి, సి, డి ఆప్షన్లు ఒక్కోటి ఒక్కో లైను, చివర్లో 'ఆన్సర్' అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో రాసి, కోలన్ పెట్టి, సరైన ఆప్షన్ అక్షరం. అంతే. ఫైలును యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేసి క్వశ్చన్ బ్యాంకులో ఇంపోర్ట్ చేస్తే ఏళ్ల తరబడి వర్డ్ ఫైళ్లలో మూలుగుతున్న బిట్లన్నీ తనంతట తానే దిద్దుకునే క్విజ్‌గా మారిపోతాయి. ప్రశ్న రెండు లైన్లకు విరిగినా, ఆన్సర్ అన్న మాట చిన్న అక్షరాల్లో ఉన్నా ఎర్రర్ వస్తుంది. ఈ రెండూ ముందే చెప్పి పెట్టండి, లేకపోతే సగం టైం అక్కడే పోతుంది. ఒక్క సరైన జవాబు ఉండే బిట్లకే ఇది పనికొస్తుంది, వ్యాసరూప ప్రశ్నలకు కాదు. కెమిస్ట్రీ సార్ తన పాత బిట్లు అరవై ఎక్కించి చూసుకున్న రోజు నుంచి ఆయనే నన్ను వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

రెండోది అసలు కష్టమైన విషయం. సీనియర్లకు టెక్నాలజీ రాదని మనం తేల్చేస్తాం. నేను చూసినంతలో వాళ్ల టెన్షన్ వేరు. పాతికేళ్లుగా పిల్లల ముందు అన్నీ తెలిసిన మనిషిగా నిలబడ్డవాళ్లు, అరవై మంది చూస్తుండగా ప్రొజెక్టర్ రాకపోతే, పాస్‌వర్డ్ తప్పు పడితే, వెనక బెంచీలో నవ్వు వినిపిస్తే ఆ రోజుతో దానికి దండం పెట్టేస్తారు. ట్రైనింగ్ హాల్లో కూడా ఇదే జరుగుతుంది. పక్కన కూర్చున్న కుర్ర లెక్చరర్ "ఇలా ఇవ్వండి సార్" అంటూ మౌస్ లాక్కుని టకటకా నాలుగు క్లిక్కులు కొట్టి ఇచ్చేస్తాడు. సాయమే చేశాడు, కాదనను. కానీ సార్‌కు అర్థమైంది ఒక్కటే, ఇది తన వల్ల అయ్యే పని కాదని.

అందుకే మా ట్రైనింగుల్లో ఒక రూలు పెట్టాను. సాయం చేసేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. నోటితోనే చెప్పాలి, ఎంత ఆలస్యమైనా సరే. మొదట్లో అందరికీ విసుగొచ్చింది, నాకు కూడా. అయినా సడలించలేదు. అలాగే హెడ్‌లను, వాళ్ల కింద పనిచేసే జూనియర్లను ఒకే బ్యాచ్‌లో వేయను. కంప్యూటర్ ల్యాబులో నేర్పిన దాన్ని అదే వారం ఖాళీగా ఉన్న తరగతి గదిలో, ఆ గదిలోని ప్రొజెక్టర్‌తోనే ఒకసారి చేయిస్తాను. ల్యాబులో పనిచేసింది క్లాసులో పనిచేయకపోవడానికి కేబులు, వైఫై, లాగిన్ ఇలా సవాలక్ష కారణాలుంటాయి. అవన్నీ పిల్లలు లేనప్పుడే బయటపడాలి.

ఇప్పుడు నేను చేసిన ఇంకో తప్పు చెబుతాను. ఓటింగ్ యాప్ నేర్పించాను గానీ ప్రశ్న రాయడం నేర్పించలేదు. ఫలితంగా క్లాసుల్లో 'న్యూటన్ రెండో నియమం ఏది?' లాంటి ప్రశ్నలకు పిల్లలు ఫోన్లలో ఓట్లేశారు, నూటికి తొంభై మంది కరెక్ట్, అందరూ హ్యాపీ, ఎవరూ కొత్తగా నేర్చుకున్నది లేదు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్ పద్ధతిలో యాప్ ఊసే అవసరం లేదు, రంగు కార్డులతోనూ నడిపించొచ్చు. దాని ప్రాణం ప్రశ్నలో ఉంది. పైకి విసిరిన బంతి అన్నింటికంటే ఎత్తుకు చేరిన క్షణంలో దాని త్వరణం ఎంత? చాలామంది 'సున్నా' అంటారు, ఎందుకంటే అక్కడ వేగం సున్నా. నిజానికి గురుత్వ త్వరణం అలాగే ఉంటుంది. ఇలాంటి ప్రశ్నకు మొదట ఎవరికి వారు ఓటేస్తారు. సరైన జవాబు చెప్పినవాళ్లు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకోమని, మళ్లీ ఓటు వేయిస్తారు. 30 కంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పుకోవాలి, 70 దాటితే ముందుకు వెళ్లిపోవచ్చు. యాప్‌లో బటన్లు ఎక్కడున్నాయో చూపడానికి పదిహేను నిమిషాలు చాలు. అలాంటి ప్రశ్నలు ఐదు రాయడానికి పూట పడుతుంది. మీ ట్రైనింగ్ టైం ఆ పూటకు ఇవ్వండి.

అన్ని డిపార్ట్‌మెంట్లను ఒకే హాల్లో కూర్చోబెట్టడం దండగని చెప్పేది కూడా ఇందుకే. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ టీప్యాక్ అనే చట్రాన్ని వివరించారు. టెక్నాలజీ తెలియడం, బోధన తెలియడం, సబ్జెక్టు తెలియడం విడివిడిగా ఉంటే చాలదు, మూడూ కలిసే చోట ఉన్న జ్ఞానమే క్లాసులో పనికొస్తుందని దాని సారం. థియరీ పేరు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లకు ఫెట్ సిమ్యులేషన్లు (తెర మీదే చేసి చూసుకునే ప్రయోగాలు, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, ఉచితం) ఒక పూట చూపిస్తే కళ్లు మెరుస్తాయి. అదే పూట చరిత్ర లెక్చరర్లు గోడ గడియారం చూస్తుంటారు. వాళ్లకు కావలసింది పాత పటాల మీద, పత్రాల మీద పిల్లలందరూ కలిసి వ్యాఖ్యలు రాసే పద్ధతి.

ట్రైనింగ్ తర్వాతి వారాల సంగతి కూడా చెప్పాలి. నన్ను అడిగితే అసలు ట్రైనింగ్ అదే. 1980లలోనే బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ స్కూలు టీచర్ల విషయంలో ఇది చెప్పారు. వివరించి, చేసి చూపించి, అక్కడే చేయించినా తరగతి గదిదాకా చేరేది కొంచెమే, పక్కన ఉండి సాయపడే కోచింగ్ తోడైతేనే అది అలవాటుగా మారుతుందని. మా దగ్గర దీన్ని ఆరు వారాలు నడిపాం. వారానికి ఒక రోజు, లంచ్ తర్వాత నలభై నిమిషాలు, స్టాఫ్ రూములోనే ఓ మూల కూర్చుంటాను. ఎవరైనా రావచ్చు, రాకపోవచ్చు. మొదటి రెండు వారాలు ఒక్కరూ రాలేదు. ఈగలు తోలుకున్నాను. మూడో వారం ఒకామె తలుపు దగ్గర తచ్చాడి, "మేడమ్, క్విజ్ అందరికీ కనిపిస్తోంది గానీ ఓపెన్ అవడం లేదట" అంటూ వచ్చింది. టైం సెట్టింగులో తేదీ తప్పు పడింది, అంతే. ఈ సమస్య ట్రైనింగ్ రోజున ఎవరికీ రాదు. నిజంగా వాడటం మొదలుపెట్టినవాళ్లకే వస్తుంది.

వీడియో పాఠాల గురించి ఎక్కువ చెప్పను. యాభై నిమిషాల క్లాసును యథాతథంగా రికార్డు చేయడం ఆపమనండి. 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ ఎడెక్స్ అనే వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థంగా విద్యార్థి నిలిచేది ఆరు నిమిషాలకు మించలేదు. ఒక్క భావన, ఆరు నిమిషాలు, సబ్‌టైటిల్స్. స్టూడియో అక్కర్లేదు, మంచి మైకు మాత్రం కావాలి.

ఏఐ గురించి మీరు ప్రత్యేకంగా అడగలేదు గానీ మీ వాళ్లు తప్పక అడుగుతారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ట్రైనింగ్ అంటే అదొక్కటే అయిపోయింది. నేను ఉపన్యాసం ఇవ్వను. ఎవరి అసైన్‌మెంట్ వాళ్లే అందులో వేసి, వచ్చిన జవాబును తమ మార్కుల పద్ధతి ప్రకారం దిద్దమంటాను. పదికి ఎనిమిది వచ్చిందంటే ఆ ప్రశ్న మార్చాల్సిందే, ఇక వాదన ఉండదు. విద్యార్థుల పేర్లు, మార్కులు మాత్రం అందులో పెట్టనివ్వకండి. 'ఏఐతో రాశారా' అని పట్టే డిటెక్టర్లను నమ్మి పిల్లలను శిక్షించొద్దని కూడా గట్టిగా చెప్పండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో తెచ్చిన తన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో తీసేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవిగా డిటెక్టర్లు పొరబడ్డాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది చూపించారు.

అందరినీ మార్చాలని పట్టుబట్టకండి. మా మ్యాథ్స్ సార్ ఒకరు సుద్దముక్కతో బోర్డు మీద రుజువు రాస్తుంటే ఇంకే క్లాసు పిల్లలైనా వచ్చి కూర్చుంటారు. ఆయన చేత పీపీటీలు చేయించాలని ఒక సెమిస్టర్ అంతా వేధించాను. చేశారు పాపం, క్లాసు చచ్చిపోయింది. ఇప్పుడు ఆయన చేసేది ఒక్కటే, క్లాసు చివర్లో ఫోనుతో బోర్డు ఫొటో తీసి కోర్సు పేజీలో పెడతారు. ఆ పేజీనే పిల్లలు అన్నింటికంటే ఎక్కువగా తెరుస్తున్నారు.

ప్రిన్సిపాల్‌ను రెండే అడగండి. సర్టిఫికెట్‌ను హాజరు గంటలకు కట్టేస్తే జనం గంటలు కూర్చుని వెళ్లిపోతారు. దాని బదులు క్లాసులో వాడిన ఒక క్విజ్ గానీ పాఠం గానీ, దానితో పాటు ఏం జరిగిందో అర పేజీ తెచ్చినవాళ్లకే సర్టిఫికెట్ అనమనండి. బెడిసికొట్టిందని రాసినా ఇవ్వాల్సిందే. రెండోది, విద్యా సంవత్సరం మధ్యలో ప్లాట్‌ఫామ్ మార్చకుండా మాట తీసుకోండి. మా దగ్గర నాలుగేళ్లలో మూడు మార్చారు. మూడోసారి చాలామంది లాగిన్ కూడా అవలేదు, వాళ్లను తప్పుపట్టే ముఖం నాకు లేదు.

తేదీలు ఖరారైపోయాయన్నారు కాబట్టి మొదటి రోజు ఉంచేయండి. రెండో రోజును ఆరేడు చిన్న ముక్కలుగా కోసి తర్వాతి ఆరు వారాల్లో సర్దమని అడిగి చూడండి, సాధారణంగా ఒప్పుకుంటారు, అదనపు ఖర్చు లేదు గనక. మొదటి రోజుకు ఒకే ఒక్క టూల్ ఎంచుకోండి. అందరి లాగిన్లూ వారం ముందే పనిచేస్తున్నాయో లేదో సరిచూసుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు కూడా సరిపడా తెప్పించండి, నా మొదటి ట్రైనింగ్‌లో మధ్యాహ్నానికే సగం ల్యాప్‌టాప్‌లు ఛార్జింగ్ లేక ఆగిపోయాయి.