ఆడవాళ్ళ క్యాన్సర్: ఊరు మారితే లెక్క ఎందుకు మారుతుంది?

పోయిన సంచికలో రొమ్ము క్యాన్సర్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఇన్ని ప్రశ్నలొచ్చాయి, సగానికి పైగా అడిగింది ఒకటే, "మా వైపు ఎక్కువా తక్కువా" అని. అన్నీ వేసే చోటు లేదు కాబట్టి కొన్ని తీసుకున్నా. పేర్లు వేయొద్దన్నారు గనక ఊర్లే వేస్తున్నాం.

ప్రశ్న: మేడమ్, రొమ్ము క్యాన్సర్ దేశం మొత్తమ్మీద హైదరాబాద్‌లోనే ఎక్కువని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో తిరుగుతోంది. నిజమేనా? అంటే ఇక్కడి ఆడవాళ్ళే ఎక్కువ చనిపోతున్నట్టా? మా అత్తగారేమో నీళ్ళ వల్ల అంటున్నారు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మొదటిది నిజమే, రెండోది నిజం కాదు, మూడోది మీరూ మీ అత్తగారూ తేల్చుకోవాల్సిందే, నన్ను మధ్యలో పెట్టకండి! 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళ రిజిస్ట్రీ రిపోర్ట్, అంటే క్యాన్సర్ కేసులు నమోదు చేసే కేంద్రాల లెక్క, వచ్చింది కదా, అందులో హైదరాబాద్ జిల్లాలో ఏడాదికి లక్షమంది ఆడవాళ్ళలో 48 మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోందని ఉంది, దేశంలో రిజిస్ట్రీలున్న చోట్లన్నిట్లో అదే ఎక్కువ. ఇది వయసు తేడాలు సర్ది వేసిన లెక్క, అంటే ముసలివాళ్ళు ఎక్కువున్న ఊరినీ కుర్రవాళ్ళు ఎక్కువున్న ఊరినీ ఒకే తూకంలో పెట్టినట్టు.

కానీ ఇది జబ్బు *వచ్చిన* వాళ్ళ లెక్కండీ, పోయిన వాళ్ళది కాదు. ఈ రెండూ కలిపేసి చూడబట్టే సగం గందరగోళం. సిటీల్లో పెళ్ళిళ్ళు లేటు, మొదటి కాన్పు ముప్పై దాటాక, పిల్లలు ఒకరో ఇద్దరో, పాలిచ్చేది తక్కువ కాలం, పైగా బరువు, కూర్చునే ఉద్యోగాలు, ఇవన్నీ కలిసి రొమ్ము క్యాన్సర్‌ని పెంచుతాయి, దానికి తోడు ఇక్కడ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీసే చోట్లు ఎక్కువ, బయటపడేదీ ఎక్కువే.

చావుల సంగతికొస్తే కథ తిరగబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పిన లెక్క ఒకటి చూడండి, బాగా అభివృద్ధి చెందిన దేశాల్లో ప్రతి 12 మంది ఆడవాళ్ళలో ఒకరికి జీవితంలో ఎప్పుడో రొమ్ము క్యాన్సర్ వస్తుంది, దాంతో చనిపోయేది 71 మందిలో ఒకరు. బాగా వెనకబడ్డ దేశాల్లో వచ్చేది 27 మందిలో ఒకరికే, కానీ చనిపోయేది 48 మందిలో ఒకరు. వచ్చేది సగం కూడా కాదు, పోయేది మాత్రం ఎక్కువ. మన రాష్ట్రాల మధ్యా, జిల్లాల మధ్యా, ఒక్కోసారి ఒకే ఊళ్లో రెండు పేటల మధ్యా కూడా ఇదే కథ. కాబట్టి ఇల్లు మారే ఆలోచనేమన్నా ఉంటే మానేయండి, ఏదన్నా తేడా కనిపిస్తే వారంలో డాక్టర్‌కి చూపించుకోగలిగే చోట ఉన్నారు, అది చిన్న సంగతి కాదు.

ప్రశ్న: మా ఆయన ఉద్యోగం వల్ల మేం గౌహతిలో ఉంటున్నాం. ఇక్కడ ఏ ఇంట్లో చూసినా క్యాన్సర్ మాటే. మా వైపు ఇంత ఎప్పుడూ వినలేదు. నిజంగానే ఎక్కువా, నాకే అలా అనిపిస్తోందా?
– ఒక పాఠకురాలు, గౌహతి (సొంతూరు తెనాలి)

జవాబు: మీకు అనిపించడం కాదమ్మా, ఈశాన్యంలో నిజంగానే ఎక్కువ. ఇందాకటి 2020 రిపోర్ట్‌లో ఆడవాళ్ళలో అన్ని క్యాన్సర్లూ కలిపి చూస్తే దేశంలో మొదటి స్థానం అరుణాచల్‌లోని పాపుంపరే జిల్లాది, అదే ఇటానగర్ ఉన్న చోటు, లక్షకి 219.8. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్), బీడ్ జిల్లాల్లో ఇదే లెక్క 50 లోపు. నాలుగు రెట్ల తేడా, ఒకే దేశంలో! పాపుంపరేలో పుట్టిన ఆడపిల్లకి 74 ఏళ్ళలోపు ఏదో ఒక క్యాన్సర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

కారణం ఒక్కటి కాదు. పొగాకు అక్కడ ఆడా మగా తేడా లేకుండా వాడతారు, మిజోరంలో అయితే పొగాకు పొగని నీళ్ళలోకి పట్టి ఆ నీళ్ళని నోట్లో పుక్కిట పట్టే అలవాటుంది, తుయిబుర్ అంటారు, ఆడవాళ్ళలో అది బాగా ఎక్కువ. మీ గౌహతిలో పచ్చి వక్క, తాముల్, ఎవరింటికెళ్ళినా పెడతారు కదా, వక్క ఒక్కటే, పొగాకు కలవకపోయినా సరే, నోటికీ అన్నవాహికకీ చేటే. ఇంక పొగబెట్టి ఆరబెట్టిన మాంసం, కడుపులో హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా, వంటింటి పొగ. ఆడవాళ్ళ ఊపిరితిత్తుల క్యాన్సర్ దేశంలో ఎక్కువున్న చోటు ఢిల్లీ కాదు, ఐజ్వాల్.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. ఈశాన్యం మొత్తాన్ని ఒకే గాటన కట్టకండి. 2012 నుంచి 2015 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడ్డ ఆడవాళ్ళని 11 రిజిస్ట్రీల్లో ఐదేళ్ళ పాటు గమనిస్తే, మొత్తమ్మీద 66.4 శాతం బతికున్నారు. అన్నిటికంటే మెరుగ్గా ఉన్నది ఎక్కడనుకున్నారు? కేరళ కాదు, మిజోరం, 74.9 శాతం. అన్నిటికంటే తక్కువ అరుణాచల్‌లోని పాసీఘాట్, 41.9 శాతం. రెండూ ఈశాన్యమే! మిజోరంలో అక్షరాస్యత ఎక్కువ, జనంలో చాలామంది ఐజ్వాల్ చుట్టుపక్కలే, ఆ ఐజ్వాల్‌లోనే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. పాసీఘాట్ నుంచి పెద్దాస్పత్రికి డిబ్రూగఢ్ వెళ్ళాలంటే బ్రహ్మపుత్ర దాటాలి, అక్కడ బోగీబీల్ వంతెన తెరిచింది 2018 డిసెంబర్‌లో, అంతకుముందు పడవే. రేడియేషన్ అంటే వారాల తరబడి రోజూ తీసుకోవాలి, కీమో అంటే మూడు వారాలకోసారి వెళ్ళాలి, ఇంట్లో చిన్నపిల్లలున్న ఆడమనిషి ఎన్నిసార్లు నది దాటుతుంది చెప్పండి.

ప్రశ్న: నేను డిగ్రీ స్టాటిస్టిక్స్ స్టూడెంట్‌ని. బీహార్, ఒడిశా లాంటి పేద రాష్ట్రాల్లో క్యాన్సర్ మరణాలు తక్కువని చదివాను. అక్కడ వైద్యం తక్కువ కదా, మరి చావులు ఎలా తక్కువ? డేటా తప్పా?
– ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: మంచి ప్రశ్న బాబూ, మార్కులు వేయాల్సింది మీ సారు గానీ నేనైతే వేసేదాన్ని. కొంత నిజం, కొంత లెక్కలోకి రాకపోవడం. 2020లో దేశంలో నమోదైన చావుల్లో ఎందుకు చనిపోయారో డాక్టర్ రాసిచ్చింది 22.5 శాతానికే. మిగతావాళ్ళకి కారణం డాక్టరెవరూ రాయలేదు, చాలామంది ఇంట్లోనే పోయి ఉంటారు. ఊళ్లో అరవై ఏళ్ళ ఆవిడ ఆర్నెల్లు అన్నం సయించక చిక్కి శల్యమై పోతే "పెద్దదైపోయింది, పోయింది" అంటారు, అంతే. ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా ఎక్కువ, మగాయన్ని స్కానింగ్‌కి పట్నం తీసుకెళ్ళినంత తొందరగా ఇంటావిడని తీసుకెళ్ళరు, ఇది నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ ఖాళీ పూడ్చడానికే మిలియన్ డెత్ స్టడీ చేశారు, శిక్షణ ఇచ్చిన సర్వేవాళ్ళు చనిపోయినవాళ్ళ ఇళ్ళకెళ్ళి, పోయేముందు ఏమేం బాధలు పడ్డారో ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకొచ్చారు, ఆ కాగితాలు చూసి ఇద్దరు డాక్టర్లు విడివిడిగా కారణం తేల్చారు. అందులో 2001-03 చావులు చూసి 2010కి లెక్క కట్టి, ఆ వివరాలు 2012లో ప్రచురించారు. అప్పుడు కూడా ఈశాన్యమే పైన, బీహార్, జార్ఖండ్, ఒడిశా కింద. కాబట్టి తేడా పూర్తిగా లెక్కల లోపం కాదు. అదే స్టడీలో ఇంకో సంగతి ఉంది, నీ ప్రాజెక్ట్‌కి పనికొస్తుంది, చదువు లేనివాళ్ళలో క్యాన్సర్ చావుల రేటు బాగా చదువుకున్నవాళ్ళకి దాదాపు రెట్టింపు. పల్లె పట్నం తేడా మాత్రం పెద్దగా లేదు. అంటే రాష్ట్రం మ్యాప్‌తో పాటు స్కూలు రిజిస్టర్ కూడా చూడాలన్నమాట. ఆడవాళ్ళలో అప్పుడు ఎక్కువ ప్రాణాలు తీసింది గర్భసంచి మూతి క్యాన్సర్, తర్వాత కడుపుది, తర్వాతే రొమ్ముది.

ఇంకోటి, గంగా తీరం వెంబడి ఆడవాళ్ళలో గాల్‌బ్లాడర్ క్యాన్సర్ ఎక్కువ, మన దక్షిణాదిలో చాలా తక్కువ. అది బయటపడేసరికే ముదిరిపోయి ఉంటుంది. వీలైతే ఒక్కో క్యాన్సర్‌కి విడిగా మ్యాప్ గీసి చూడు, అన్నీ కలిపి ఒకటే గీస్తే ఇవేవీ కనపడవు.

ప్రశ్న: మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, నిప్పు నోట్లో పెట్టుకుని. అంగిట్లో పుండు పడి పోయింది. ఇప్పుడు మా పెద్దమ్మ కూడా మానట్లేదు, "నా తల్లికి లేని భయం నాకేటి" అంటాది. మా సిక్కోలు వైపే ఉందా ఇది?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఎక్కువగా మీ వైపే బాబూ, శ్రీకాకుళం నుంచి విశాఖ తీరం దాకా. ప్రపంచంలో ఇంకొన్ని చోట్ల ఉంది గానీ వైద్య పుస్తకాల్లో అడ్డపొగ అనగానే మీ జిల్లా పేరే వస్తుంది, 1971లోనే మీ జిల్లాలో 10,169 మంది పల్లెజనం నోళ్ళు తెరిపించి చూసి రాసిన స్టడీ ఉంది. గాలికీ వానకీ చుట్ట ఆరిపోకుండా ఉంటుందనీ, పెద్దల ముందు కనపడకుండా ఉంటుందనీ మొదలుపెట్టేవారట. వేడీ పొగా నేరుగా అంగిటికే తగులుతాయి. మామూలుగా నోటి క్యాన్సర్ బుగ్గకో నాలుక్కో వస్తుంది, గట్టి అంగిటికి రావడం అరుదు, మీ వైపు ఆడవాళ్ళకి అక్కడే వస్తుంది. ఒక అలవాటు ఒక ప్రాంతం చావుల లెక్కని ఎలా మార్చేస్తుందో చూపించాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

పెద్దమ్మతో వాదన పెట్టుకోకు, గెలవలేవు. సెల్‌ఫోన్ లైట్ వేసి అంగిట్లో చూడు, తెల్లటి మచ్చ గానీ ఎర్రగా గానీ, మానని పుండు గానీ, గరుకుగా గానీ ఉంటే పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. మచ్చ దశలో మానేస్తే చాలాసార్లు తగ్గిపోతుంది. 30 దాటిన వాళ్ళందరికీ నోరు, రొమ్ము, గర్భసంచి మూతి చూసే స్క్రీనింగ్ ప్రభుత్వం తరఫునే ఉంది, ఏఎన్ఎంని అడుగు.

ప్రశ్న: మా అక్క మదురైలో ఉంటుంది, దానికి గర్భసంచి టెస్ట్ చేశారట. మా ఊళ్లో అలాంటిది ఎవరూ అడగలేదు, పైగా వైట్ డిశ్చార్జ్ అని వెళ్తే "తీయించేసుకో, లేకపోతే క్యాన్సర్ అవుద్ది" అన్నారు. నాకు 36.
– ఒక పాఠకురాలు, ఒంగోలు దగ్గర పల్లె

జవాబు: తీయించుకోకండి, ముందు టెస్ట్ చేయించుకోండి. వైట్ డిశ్చార్జ్ చాలావరకు ఇన్ఫెక్షన్, మందులతో పోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారన్నా ఈ గర్భసంచి మూతి క్యాన్సర్ టెస్ట్ చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 1.9 శాతం, మీ అక్క ఉన్న తమిళనాడులో 9.8. అంతకుముందు సర్వేలో, 2015-16లో, 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అంటే టెస్ట్ ఎవరూ చేయించుకోరు, సంచి మాత్రం తీసేస్తారు. ఈ మాట రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఆరేళ్ళకే ఎముకలు గుల్లవడం, గుండె జబ్బు ముప్పు, అవన్నీ మొదలవుతాయి.

టెస్ట్ చాలా చిన్నది, వెనిగర్ లాంటి పల్చటి ఆసిడ్ రాసి నిమిషం ఆగి చూస్తారు, తెల్లగా మారితే తర్వాతి పరీక్షకి పంపిస్తారు. ముంబై బస్తీల్లో పదో తరగతి చదివిన ఆడవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి రెండేళ్ళకోసారి ఇదే చేయిస్తే ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. ఉస్మానాబాద్ పల్లెల్లో హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) టెస్ట్ జీవితంలో ఒక్కసారి చేసి ఎనిమిదేళ్ళు చూశారు, టెస్ట్ చేసినవాళ్ళలో 34 మంది చనిపోతే మామూలుగా వదిలేసినవాళ్ళలో 64 మంది.

ఇంట్లో ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి కూడా అడగండి. ఖమ్మంలో 2009లో ఈ టీకా ప్రాజెక్ట్ మీద, టీకా వేసుకున్న కొందరు ఆడపిల్లలు చనిపోవడంతో, పెద్ద గొడవైంది, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారు, అది తప్పే, కానీ ఆ పిల్లల చావులకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ భయం మన దగ్గర ఇంకా పోలేదు. సిక్కిం మాత్రం 2018లో స్కూళ్ళలోనే వేసేసింది, దాదాపు అందరికీ.

ప్రశ్న: అమెరికాలో కూడా ఇలా ప్రాంతాన్ని బట్టి తేడాలుంటాయా ఆంటీ? ఇక్కడ అందరికీ ఒకటే ట్రీట్‌మెంట్ కదా.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ఒకటే ట్రీట్‌మెంట్ అందరికీ *దొరకదు* అమ్మాయీ. సిగరెట్ ఎక్కువున్న కెంటకీలో క్యాన్సర్ చావుల రేటు పైన, సిగరెట్ ముట్టనివాళ్ళు ఎక్కువున్న యూటాలో అన్నిటికంటే కింద. నల్లజాతి ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ వచ్చేది తెల్లవాళ్ళకంటే కాస్త తక్కువే, చావులు మాత్రం 40 శాతం దాకా ఎక్కువ. ఇంక మనవాళ్ళు అక్కడికొచ్చాక రొమ్ము క్యాన్సర్ ముప్పు ఇక్కడికంటే పెరుగుతుంది, కాబట్టి "మా వంశంలో లేదు" అని మామోగ్రామ్ ఎగ్గొట్టకు.

ప్రశ్న: అమ్మకి 54, రొమ్ములో గోళీకాయంత గడ్డ. నొప్పి లేదంది. దసరా అయ్యాక చూపిద్దాం అంటోంది. ముక్క తీస్తే పాకిపోతుందని మేనత్త భయపెడుతోంది.
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: దసరా దాకా ఆగొద్దు, ఈ వారమే. నొప్పి లేదంటే మంచిదని కాదు, క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు, అందుకే అందరూ ఆగుతారు. ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు కూడా, కానీ అది చేత్తో తడిమి తేలేది కాదు. సూదితో ముక్క తీస్తే పాకదు, ఆ పరీక్ష లేకుండా ఏ మందు ఇవ్వాలో కూడా తెలీదు. ఇందాక చెప్పిన 11 రిజిస్ట్రీల స్టడీలోనే, గడ్డ రొమ్ము వరకే ఉన్నప్పుడు పట్టుకున్నవాళ్ళలో ఐదేళ్ళు బతికింది దాదాపు 81 శాతం, వేరే అవయవాలకి పాకాక పట్టుకున్నవాళ్ళలో 18 శాతం.

మీకు దగ్గర్లో మహబూబ్‌నగర్ ప్రభుత్వాస్పత్రిలో చూపించొచ్చు, క్యాన్సరని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు అన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళండి. మధ్యలో ఎవరన్నా పసరు కడతామంటే కట్టనివ్వకండి, పుండు పడితే తర్వాత ఆపరేషన్ కష్టమవుతుంది. మేనత్త గారిని కూడా వెంట తీసుకెళ్ళండి, డాక్టర్ చెప్పేది ఆవిడే వింటారు.