పిలవకపోవడం దయ కాదు

ప్రశ్న: నా చిన్ననాటి మిత్రుడు కొబ్బరిచెట్టు మీదనుంచి పడి వెన్నుపాము దెబ్బతినడంతో రొమ్ము కిందనుంచి స్పర్శ, కదలిక కోల్పోయాడు. ఇప్పుడు షాట్‌పుట్ సాధన చేస్తున్నాడు. మొన్న మేమంతా గోపాల్‌పూర్ సముద్రతీరానికి వెళ్తూ, ఇసుకలో వీల్‌చైర్‌తో ఇబ్బంది పడతాడని అతన్ని పిలవలేదు. అది తెలిసినప్పటినుంచి ముభావంగా ఉంటున్నాడు. మంచి కోరి చేసిన పని తప్పెలా అయింది? – ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: మీరు అతని మంచే కోరారన్న విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఇసుకలో చక్రాలు దిగబడతాయన్న సంగతి, వాటిని రోజూ తన చేతులతో తిప్పుకునే మనిషికి మీకంటే బాగా తెలుసు. రోడ్డు పక్కనే ఉండి సముద్రం చూడాలో, మీ సాయంతో గట్టిగా ఉండే తడి ఇసుక దాకా రావాలో, సాధన మానలేక ఇంటివద్దనే ఆగిపోవాలో తేల్చుకోవలసినవాడు అతను. ఆ నిర్ణయాన్ని అతనికి చెప్పకుండా మీరు తీసుకున్నారు, నొప్పించినది అదే. వెళ్ళి ఆ మాట సూటిగా ఒప్పుకోండి, సంజాయిషీలు వద్దు.

1948లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, గాయపడిన 16 మంది సైనిక సిబ్బందికి విలువిద్య పోటీ పెట్టారు. వెన్నుపాము దెబ్బతిన్నవారు మంచానికే పరిమితమని లోకం అనుకుంటున్న కాలమది. ఆ పోటీయే తరువాత దివ్యాంగుల ప్రపంచ క్రీడలైన పారాలింపిక్స్‌గా ఎదిగింది. మన దేశంలో దీపా మలిక్ ఛాతీ కింద శరీరం చచ్చుబడిన తరువాత 2016 రియో పారాలింపిక్స్‌లో ఇదే షాట్‌పుట్‌లో రజతం గెలిచి, పారాలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. మీ మిత్రుడు కాలక్షేపానికి ఆడుతున్నాడని ఎన్నడూ అనుకోకండి.

మీ బృందానికి నిజంగా చేతినిండా పని ఉంది. కూర్చుని విసిరే క్రీడాకారుల కుర్చీ కదలకుండా దాన్ని పట్టీలతో నేలకు బిగించి కట్టాలి. అది కుదరనిదే సాధన సాగదు. ఎలా బిగించాలో అతన్నే అడిగి నేర్చుకోండి. అడగకుండా కుర్చీని మాత్రం తోయకండి.

మరొక సంగతి మీరందరూ తప్పక తెలుసుకోవాలి. అంత పైభాగంలో గాయమైనవారికి దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టదు కనుక ఎండాకాలంలో శరీరం త్వరగా వేడెక్కుతుంది. నీడ, నీళ్ళు, తడిబట్ట దగ్గర ఉంచండి. ఒక్కసారిగా విపరీతమైన తలనొప్పి వచ్చి ముఖం ఎర్రబడితే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగి ఉండవచ్చు. మూత్రాశయం నిండిపోవడం, మూత్రం బయటికి పోయే గొట్టం మడతపడటం దీనికి తరచుగా కనిపించే కారణాలు. అతన్ని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, బిగుతైన పట్టీలు వదులుచేసి, గొట్టం సరిచూసి, తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇవన్నీ తెలిసిన స్నేహితులు వెంట ఉంటే అతను ఎంత దూరమైనా ధైర్యంగా బయలుదేరగలడు.

వచ్చే ఠాకురాణి జాతరకు ఏ వీధిగుండా, ఏ వేళకు వెళ్ళాలో ఈసారి అతనితో కూర్చునే నిర్ణయించండి. వద్దన్నా నొచ్చుకోకండి, ఆ మరుసటి పండుగకు మళ్ళీ పిలవండి.