ఒక్క శనివారం, రెండు బజార్లు, అయిదుగురు మనుషులు

ప్రశ్న: వచ్చే నెల అయిదు రోజులు బ్యాంకాక్ వెళ్తున్నాం. నేను, మావారు, పన్నెండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల బాబు, మా అత్తయ్యగారు. శనివారం ఒక్కటీ షాపింగ్‌కి ఉంచుకున్నాం. అమ్మాయి చతుచక్ బజారు అంటోంది, నాకు ప్లాటినమ్ మాల్ చూడాలనుంది, మావారు ఎంబీకే అనే మాల్‌లో ఫోన్ కవర్లూ అవీ కొనాలంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అయినా హోటల్లో ఒక్కరే ఉండరట. మూడూ ఒకే రోజులో అవుతాయా? అసలు అక్కడ నిజంగా చవకేనా?

జవాబు: రెండు అవుతాయండీ, మూడు అవ్వవు. అవుతాయని ఎవరైనా చెప్పారంటే వాళ్లు పిల్లలు లేకుండా వెళ్లుంటారు. చతుచక్ బజారు పూర్తిగా తెరిచి ఉండేది శని, ఆదివారాల్లోనే కాబట్టి మీ శనివారం పొద్దున్న దానికే పోతుంది, మధ్యాహ్నం ఏసీ ఉన్న ప్లాటినమ్. ఎంబీకే వారం పొడుగునా ఉంటుంది, మీవారిని ఇంకో సాయంత్రం పంపండి. అక్కడ ఫోన్ల కొట్లన్నీ ఒకే అంతస్తులో ఉంటాయి గనక గంటన్నరలో వచ్చేస్తారు. వచ్చేయాలి మరి.

చతుచక్‌కి తొమ్మిదింటికల్లా చేరండి. కొన్ని కొట్లు పది దాటాక గానీ తెరవవు, అయినా సరే, ఎందుకంటే అది వేల దుకాణాల బజారు, సందులు ఇరుకు, పైన రేకులు, పదకొండు దాటితే లోపల ఉడికిపోతుంది. స్కైట్రైన్‌లో అయితే మో చిట్ స్టేషన్‌లో దిగాలి, కానీ మీ అత్తయ్యగారి కోసం భూగర్భ మెట్రోలో కంఫేంగ్ ఫెట్ స్టేషన్‌లో దిగండి, బయటికి రాగానే బజారే. మధ్యలో ఒక గడియారం స్తంభం ఉంటుంది, ఎవరు తప్పిపోయినా అక్కడికే రావాలని లోపలికి వెళ్లకముందే పిల్లలకి చెప్పండి. బజారు పక్కనే చతుచక్ పార్కు, దాని దగ్గర్లోనే పిల్లల డిస్కవరీ మ్యూజియం ఉన్నాయి. మీవారు, బాబు, అత్తయ్యగారు అటు, మీరూ అమ్మాయీ ఇటు. అందరూ కలిసి తిరగాలన్న పట్టుదలే ఇలాంటి రోజుల్ని చెడగొడుతుంది. ఒకరు చెప్పులు చూస్తుంటే నలుగురు నిలబడి ఫ్యాను గాలి కోసం వెతుక్కోవడం తప్ప జరిగేదేం ఉండదు.

నచ్చిన వస్తువు కనిపిస్తే అప్పుడే కొనేయండి. తిరిగొచ్చేటప్పుడు చూద్దాం అనుకుంటే ఆ కొట్టు మళ్లీ దొరకదు. మరీ అనుమానంగా ఉంటే కొట్టు మీద రాసి ఉన్న సెక్షన్ నంబరూ, సందు నంబరూ ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక చవకా అంటే, టీషర్టులు, ఏనుగు బొమ్మల పల్చటి ప్యాంట్లు, గుడ్డ సంచులు, జడ క్లిప్పులు, ఇలాంటివాటికి అవును. ఎలక్ట్రానిక్స్‌కి అంత తేడా ఉండదు, పైగా వారంటీ ఆ దేశానికే పరిమితమైతే తర్వాత ఏడవాలి. పెద్ద బ్రాండు పేరున్న బ్యాగు మూడు వందల బాత్‌లకి (బాత్ అంటే అక్కడి డబ్బు) ఇస్తున్నారంటే అది ఏమిటో మీకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. అసలు దెబ్బ లగేజీ దగ్గర పడుతుంది. మేము ఒకసారి కొన్నవి పట్టక వాటికోసం చవకలో ఇంకో సూట్‌కేసు కొన్నాం, దాని చక్రం హోటల్ లిఫ్టు దాకా కూడా రాలేదు, ఎయిర్‌పోర్టులో అదనపు బరువుకి కట్టిన డబ్బుతో ఆ బట్టలన్నీ ఇంకోసారి కొనచ్చు. అందుకని శుక్రవారం రాత్రే పెట్టెలు తూచుకుని ఎన్ని కిలోల ఖాళీ ఉందో చూసుకుని బయల్దేరండి. తప్పదనుకుంటే అదనపు బరువు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, కౌంటర్ దగ్గర మామూలుగా ఇంకా ఎక్కువే తీసుకుంటారు.

ప్రశ్న: నాకు బేరమాడటం అంటే టెన్షన్. సగానికి అడగమంటారు కదా, నిజమేనా?

జవాబు: ఆ సగం లెక్క ఎవరు పెట్టారో గానీ, చతుచక్‌లో నూట యాభై బాత్‌ల టీషర్టుని డెబ్భై అయిదుకి అడిగితే ఆవిడ నవ్వి పక్కకి చూస్తుంది. చాలా కొట్లలో మొదటే కాస్త నిజమైన ధర చెప్తారు, ఒకటి కొంటే పదో ఇరవయ్యో తగ్గుతుంది, రెండు మూడు కొంటే ఇంకొంచెం. ప్లాటినమ్‌లో అయితే బేరం కన్నా సంఖ్యే పని చేస్తుంది. ఒకే కొట్టులో మూడు తీసుకుంటే హోల్‌సేల్ ధర, ఒకటైతే వేరే ధర, రెండూ అట్టముక్క మీద రాసే ఉంటాయి. రంగులు, డిజైన్లు కలిపి మూడు తీసుకోవచ్చా అని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. అమ్మాయికొకటి, మీకొకటి, చెల్లెలికొకటి, మూడైపోయాయి. మూడోది ఎవరికో తోచకపోతే మాత్రం ఒకటే కొనుక్కుని బయటికి రండి, చౌకగా వచ్చిందని కొన్న మూడోదే ఎప్పటికీ అల్మరాలో ఉండిపోయేది.

రెండు థాయ్ మాటలు నేర్చుకోండి: ఎంత అనడానికి "తావ్ రాయ్", తగ్గిస్తారా అనడానికి "లొద్ దాయ్ మాయ్". చివర ఆడవాళ్లు "ఖా" అనీ మగవాళ్లు "ఖ్రాప్" అనీ చేరిస్తే మర్యాద. ఆ తర్వాత భాషతో పని లేదు, కాలిక్యులేటర్ మీ చేతికిస్తారు, మీ అంకె కొట్టి తిరిగివ్వండి. గొంతు పెంచితే అక్కడ బేరం అక్కడితో ఆగిపోతుంది, నవ్వుతూ అడిగితేనే తగ్గుతుంది. మీరు చెప్పిన ధరకి వాళ్లు ఒప్పుకున్నాక వద్దని వెళ్లిపోకండి. పొద్దున్నే వెళ్తే ఇంకో సరదా చూస్తారు, మనం బోణీ అనుకున్నట్టే వాళ్లకీ మొదటి అమ్మకం పట్టింపే, వచ్చిన నోటుని మిగతా సరుకు మీద తట్టే అమ్మకందారులు కనిపిస్తారు.

ప్రశ్న: విదేశీయులకి పన్ను తిరిగి ఇస్తారట కదా, ప్రతి కొట్టులోనూ అడగాలా?

జవాబు: వద్దు. థాయ్‌లాండ్‌లో వ్యాట్ 7 శాతం. తిరిగి ఇచ్చే పథకంలో ఉన్న దుకాణాల్లో, అంటే ఎక్కువగా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లలో, "వ్యాట్ రిఫండ్ ఫర్ టూరిస్ట్స్" అన్న బోర్డు ఉంటుంది. ఒకే దుకాణంలో ఒకే రోజు కనీసం 2,000 బాత్‌లు కొనాలి, పాస్‌పోర్టు చూపించి పీపీ 10 అనే ఫారం ఆ రోజే రాయించుకోవాలి, కొన్న 60 రోజుల్లోపు వస్తువుతో సహా విమానంలో దేశం దాటాలి. పెద్ద మొత్తమైతే సామాను చెక్ ఇన్‌లో వేసేయక ముందే కస్టమ్స్ వాళ్లకి చూపించి ముద్ర వేయించుకోవాలి, చాలామంది మర్చిపోయేది ఇక్కడే. లెక్క చూస్తే 2,000 బాత్‌ల బిల్లులో పన్ను 131 బాత్‌లు, అందులోంచి వాళ్ల రుసుము పోతుంది. ఇద్దరు పిల్లలతో క్యూలో నిలబడటానికి అది చాలదని నా అభిప్రాయం, పదిహేను వేలు దాటితే ఆలోచించండి. సంతల్లో కొన్నవాటికి ఇదేమీ వర్తించదు.

ఇంతకన్నా పెద్ద నష్టం కార్డు మెషీన్ దగ్గర జరుగుతుంది. మీ దేశం డబ్బులోనా, బాత్‌లలోనా అని తెర మీద అడుగుతుంది. మన డబ్బులో అయితే లెక్క తెలుస్తుంది కదా అని అది నొక్కేస్తాం, ఆ మారకపు రేటు వాళ్లు పెట్టుకున్నది, సాధారణంగా మనకి నష్టమే. ఎప్పుడూ బాత్‌లే నొక్కండి.

ప్రశ్న: వేసుకుని చూడనివ్వరట, సైజు ఎలా తెలుస్తుంది?

జవాబు: చాలా చిన్న కొట్లలో నిజంగానే వేసుకోనివ్వరు, ఫ్రీ సైజ్ అన్నది సన్నటివాళ్లకే ఫ్రీ. ఇంట్లో మీకు సరిగ్గా పట్టే జాకెట్టో టాపో నేల మీద పరిచి ఛాతీ, భుజం, పొడవు కొలిచి ఫోన్‌లో రాసుకోండి, పిల్లలవీ రాయండి, ఒక టేపు బ్యాగులో వేసుకోండి. టేపు తీస్తే కొట్టువాళ్లు ఏమీ అనుకోరు.

ఇంకొకరి ప్రశ్న: బ్యాంకాక్‌లో టుక్‌టుక్ (అక్కడి ఆటో) అతను గుడి ఈ రోజు మూసేశారని చెప్పి, తక్కువ డబ్బుకే ఊరంతా తిప్పుతానని ఒక నగల కొట్టుకి తీసుకెళ్లాడు. మేం ఏమీ కొనలేదు గానీ భయమేసింది. ఇది మోసమేనా?

జవాబు: మోసమే, అదీ చాలా పాతది. గుడి మూసి ఉండదు, మిమ్మల్ని తీసుకెళ్లినందుకు ఆ కొట్టు నుంచి అతనికి కమీషన్ వస్తుంది. రంగురాళ్లు కొని మీ దేశంలో లాభానికి అమ్ముకోవచ్చని చెప్పారంటే ఇంక లేచి వచ్చేయడమే. పర్యాటక పోలీసుల నంబరు 1155, ఫోన్‌లో వేసుకోండి.

ప్రశ్న: పెద్ద బుద్ధుడి విగ్రహం తెచ్చుకోవచ్చా?

జవాబు: బుద్ధ విగ్రహాలు థాయ్‌లాండ్ దాటించాలంటే వాళ్ల లలితకళల శాఖ అనుమతి కావాలి, మెడలో వేసుకునే చిన్న తాయెత్తుల సంగతి వేరు. కొట్టువాడు ఏం పర్లేదన్నా ఎయిర్‌పోర్టులో ఆపేది మిమ్మల్నే.

ప్రశ్న: అక్కడ కొన్న ఏనుగు ప్యాంట్లు రంగు పోతాయా?

జవాబు: మావైతే పోయాయి. మొదటి రెండు మూడు సార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకండి. మావారి తెల్ల బనీన్లు ఇప్పటికీ లేత నీలం రంగులోనే ఉన్నాయి.