అమ్మాయి ఆస్టియోపతీ చదువుతానంటోంది, చేర్పించాలా?

బయాలజీ చదివిన మా అమ్మాయి ఆస్టియోపతీ చేస్తానంటోంది, అసలు అదేమిటి, దానివల్ల రోగులకు నిజంగా మేలుంటుందా అని ఒక అమ్మగారు అడిగారు.

ఉంటుందండీ, కాకపోతే అన్ని జబ్బులకూ కాదు. ఇది ప్రధానంగా చేతులతో చేసే చికిత్స. నడుం నొప్పితో వచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని చేస్తే ఎక్కువవుతోంది, పాత జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతారు, తర్వాత నిలబెట్టి వంగమని, వెన్ను పొడవునా వేళ్లతో తడిమి ఎక్కడ కండరం బిగుసుకుందో, ఏ కీలు సరిగ్గా కదలట్లేదో చూస్తారు. ఆపైన కండరాలు నొక్కడం, సాగదీయడం, కీళ్లను మెల్లగా కదపడం, ఒక్కోసారి చటుక్కున ఒక చిన్న తోపు. అప్పుడు టక్‌మంటే ఎముక చోటుకొచ్చిందనుకుంటారు చాలామంది, అది కీలులోని ద్రవంలో గ్యాస్ వల్ల వచ్చే చప్పుడు మాత్రమే.

నడుం నొప్పికి ఉపశమనం దొరుకుతుంది, అదీ వ్యాయామంతో కలిపితేనే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో చెప్పిందీ అదే. తల ఎముకల్ని సుతారంగా నొక్కి రకరకాల జబ్బులు తగ్గిస్తామనే పద్ధతికి మాత్రం గట్టి ఆధారాల్లేవు, నేనైతే నమ్మను. ఎముకలు గుల్లబారినవాళ్లకు గట్టి తోపులు పనికిరావు. నడుం నొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కి మూత్రం అదుపు తప్పితే వెంటనే ఆసుపత్రికి పంపాల్సిందే, మంచి ఆస్టియోపత్‌కి ఇది పట్టుకోవడం తెలిసుండాలి.

ఇక చదువు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 1874లో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్ దీన్ని మొదలుపెట్టింది అమెరికాలో, అక్కడ డీవో అనే ఆస్టియోపతీ వైద్య డిగ్రీ చేసినవాళ్లు ఎండీ చేసిన మామూలు డాక్టర్లతో సమానంగా మందులు రాస్తారు, ఆపరేషన్లూ చేస్తారు, చాలామంది చేతి చికిత్స జోలికే వెళ్లరు. బ్రిటన్‌లో అలా కాదు, నాలుగైదేళ్ల డిగ్రీ చేసి ఆస్టియోపత్‌లను నమోదు చేసే జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో పేరు నమోదైతేనే ఆస్టియోపత్ అని చెప్పుకోవాలి, ఆ డిగ్రీతో మందులు రాసే డాక్టర్ అయిపోరు. ఎక్కువమందిది సొంత ప్రాక్టీసే, నెలజీతం కావాలంటే ఫిజియోథెరపీ నయం.

కాబట్టి ఫీజు కట్టేముందు అమ్మాయి ఏ దేశంలో పనిచేయాలనుకుంటోందో తేల్చుకోండి, ఆ కోర్సుకి అక్కడ రిజిస్ట్రేషన్ ఇస్తారో లేదో కాలేజీని కాకుండా నేరుగా కౌన్సిల్‌నే అడగండి. వీలైతే ఏదైనా క్లినిక్‌లో కొన్నాళ్లు కూర్చుని చూడనివ్వండి. రోజంతా నిలబడి, వంగి, చేతులతో చేసే పని, అది చూశాక కూడా ఇష్టంగానే ఉంటే చేర్పించండి.